గోటికి తెలిసిన సంగతి

ఈ పొద్దున జామతోటలో చిన్న ట్రాక్టర్ డీజిల్ ఫిల్టర్ విప్పి కడిగాను. సబ్బుతో రెండుసార్లు తోముకున్నా వేళ్ల వాసన పోలేదు. టీ గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకుంటే ముందు డీజిలే తగిలింది. మా ఆయనకు ఆ వాసన అస్సలు గిట్టదు. నాకు మాత్రం జానీమియా చిచ్చా పీట లాక్కుని పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

చిచ్చా అంటే ఉర్దూలో చిన్నాన్న. ఆయన జగదేవ్‌పూర్ రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో ట్రాక్టర్లు బాగుచేసేవాడు. నేను గజ్వేల్‌లో ఒక దవాఖానలో రక్తపరీక్షలు చేస్తాను. మా ఇద్దరినీ కలిపింది నా మొండితనం. మర్కూక్ దగ్గర మాకు రెండెకరాల జామతోట ఉంది. వరుసల మధ్య పెద్ద ట్రాక్టర్ పట్టదు, కలుపు తీయడానికి మనుషులు దొరకరు. తోట కొట్టించేద్దామని మా ఆయన మల్లేశం రోజూ అంటుండేవాడు. నంగునూరులో ఒక రైతు ఇంటి వెనక ఏళ్ల తరబడి వానకు తడుస్తున్న చిన్న ట్రాక్టర్ ఉందని విని, ఆయనకు మాటమాత్రం చెప్పకుండా కొనేశాను. మా ఇంటి ముందు దించేసరికి సీటు కింద నుంచి ఒక కోడిపెట్ట దిగి, కొరకొరా చూసి నడిచిపోయింది. అదీ నంగునూరు నుంచే వచ్చిందన్నమాట! మా ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "మిరుగం దాక సూస్త. అప్పటికి నడిస్తె సరే. లేకుంటె గిది పాత ఇనుముకు, తోట గొడ్డలికి" అన్నాడు. మిరుగం అంటే తొలకరి. నెల కూడా లేదు.

బండిని చిచ్చా షెడ్డుకు లాగించాను. ఆయన ఇంజన్ మీద చెయ్యి వేసి తడిమి చూశాడు. వాన నీళ్లు లోపలికి దిగి అది బిగుసుకుపోయింది. "గిది సావలే బేటీ, అలిగింది. బుజ్జగించాలె" అన్నాడు. అంతలోనే చేతులు ముందుకు చాపి చూపించాడు. రెండూ వణుకుతున్నాయి. "ఇవి నా మాట ఇంటలెవ్వు. నీ చేతులతోని చేస్తనంటె చేద్దాం. లేకుంటె ఇంకో మిస్త్రీని సూస్కో." పానా పట్టడం ఎరగని దాన్ని. అయినా సరేనన్నాను.

రోజూ డ్యూటీ దిగి నేరుగా షెడ్డుకు వెళ్లేదాన్ని. ఆయన పీట మీద కూర్చుని చెప్పేవాడు, నేను విప్పేదాన్ని. బిగుసుకున్న చోట డీజిల్ పోసి, రోజుకు వేలెడంత కదిలించేవాళ్లం. జోరు చేస్తే ఒప్పుకునేవాడు కాదు. విప్పినవి పెట్టడానికి కోడిగుడ్ల అట్ట ఒకటి ఇచ్చాడు. "ఏ జాగల తీసింది గా జాగ లెక్కనే పెట్టు. కడిగితె ఒక్కొక్కటే కడుగు" అని మొదటిరోజే చెప్పాడు.

విన్నాను, తలూపాను. కానీ పదేళ్లుగా గాజు సీసాలు కడిగిన చెయ్యి ఊరుకుంటుందా? ఒకరోజు ఆయన నమాజుకు వెళ్లినప్పుడు, జిడ్డోడుతున్న ఆ అట్ట చూడలేక, అన్నీ ఒకే తొట్టిలో వేసి తళతళలాడేలా తోమేశాను. తీరా తుడిచేటప్పుడు రెండు మూతలు చేతికొచ్చాయి. ఇంజన్ లోపల షాఫ్టును పట్టుకునే రాడ్లు రెండుంటాయి, వాటికి చెరో మూత. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి గానీ దేని మూత దానికే పడాలి. తారుమారైతే ఇంజన్ మళ్లీ పట్టేస్తుంది, ఈసారి ఏ బుజ్జగింపుకూ లొంగదు. ఏది దేనిదో నాకు తెలియలేదు. అంచనాగా సర్దేశాను. చిచ్చా వచ్చి, "షాబాష్! ఎట్ల మెరుస్తున్నయ్!" అన్నాడు. ఆ మెచ్చుకోలు విన్నాక తప్పు దాచి పానా అందుకున్నాను. అలాగే బిగించేశాం.

మిరుగానికి ముందురోజు బండి సిద్ధమైంది. మా ఆయన వస్తూ వస్తూ పాత ఇనుము కొనే మనిషిని కూడా వెంటపెట్టుకొచ్చాడు. చిచ్చా నన్ను సీటు మీద కూర్చోబెట్టి, "సెల్ఫ్ కొట్టు బేటీ" అన్నాడు. తాళంచెవి పట్టుకున్నాను. తిప్పలేకపోయాను. "చిచ్చా, నేను తప్పు చేసిన" అని జరిగిందంతా చెప్పేశాను.

ఆయన గడ్డం నిమురుకుంటూ విన్నాడు. "ఎన్ని దినాలాయె గిది కడుపుల వెట్టుకొని?"

"ఆరు దినాలు."

"ఆరు దినాలు అన్నం ఎట్ల తిన్నవ్ బిడ్డా?"

తిడితే తట్టుకునేదాన్ని. ఆ మాటకు మాత్రం ఏడుపు ఆగలేదు. చిచ్చా లేచి, "పానా తే, ఇప్పుదాం. ఇంక రెండు దినాలు పడ్తది" అన్నాడు. మా ఆయన నన్ను చూశాడు, ఇనుము మనిషిని చూశాడు. "నువ్వు పో భాయ్. ఇంక రెండు దినాలు పడ్తదట" అన్నాడు. అప్పటిదాకా ఆయన మీద పెంచుకున్న కోపమంతా నాకు అక్కడే దిగిపోయింది.

మర్నాటికల్లా మళ్లీ విప్పాం. "అతుకు మీద గోరుతోని గీరు. తట్టుకుంటె ఆ మూత దానిది గాదు. నా గోర్లకు తెల్వదిగ, మొద్దుబారినయ్" అన్నాడు చిచ్చా. గీశాను. గోరు నున్నగా జారింది. రెండోదీ జారింది. మూతలు మార్చి చూస్తే రెంటికీ టక్కున తట్టుకుంది. నా గుడ్డి అంచనాయే నిజమైంది!

మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "అంటె ముందే సరిగున్నదా! నిన్ననే సెల్ఫ్ కొడితె అయిపోవు గద!"

"నిన్న గూడ సరిగనే ఉండె మల్లేశం. గని మనకు తెల్వకుండె. ఇయ్యాల తెల్సింది" అన్నాడు చిచ్చా.

ఆ మర్నాడు చినుకులు పడుతుంటే మా ఆయనే ఇంజన్ మీద టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డాడు. మూడోసారి సెల్ఫ్ కొట్టగానే నల్లటి పొగ కక్కి, దగ్గి, బండి అందుకుంది. చిచ్చా కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. "అలక తీరింది" అన్నాడు. నేను అంతగా నవ్వింది నా పెళ్లిలో కూడా లేదు.

చిచ్చా పోయి రెండేళ్లు. ఆ షెడ్డులో ఇప్పుడు టైర్లు అమ్ముతున్నారు. జామతోట మాత్రం పచ్చగా ఉంది.

పోయిన వారం దవాఖానలో రెండు రక్తం సీసాల మీద పేర్లు తారుమారు చేశానేమోనని అనుమానం వచ్చింది. వాటిలో ఒకటి వార్డులో ఉన్న ఒక ముసలాయనది. ఆయన మంచం దగ్గరికి వెళ్లి, "పెద్దయ్యా, నేను తప్పు చేసిననేమో, మల్ల రక్తం తీస్త" అన్నాను. సణుగుతూనే చెయ్యి చాపాడు. మర్నాడు రెండోసారీ మొదటి ఫలితమే వచ్చింది. "వట్టిగనే పొడిస్తివి గద అక్కా ఆయనను" అంది నాతో పనిచేసే సునీత.

"నిన్న మనకు తెల్వకుండె" అన్నాను. సీసా మీద అంటించిన పేరు అంచును గోటితో ఒకసారి గీసి చూసుకుని, రిపోర్టు మీద సంతకం పెట్టాను.