వదులు బెల్టు మీద విన్న పాట

ఒకే ఫోన్‌ను మూడోసారి రిపేరుకు తెచ్చి, ఈసారి గట్టిగా నిలదీయాలని కడపలో ఆ కొట్లో కూర్చున్నాను. లోపల పనిచేస్తున్న అమ్మాయి ఏదో పాట పెట్టుకుంది. మొదటి ఎనిమిది గిటారు స్వరాలు వినపడగానే నా తగువు మరిచిపోయాను. నేను తగువు మరవడం అరుదు. పాతికేళ్లుగా తెలిసిన పాటే, కానీ నాకు తెలిసినదానికంటే ఒక మెట్టు పైన, చురుగ్గా పరుగెత్తుతోంది.

నాకది నేర్పింది గఫూర్ సాబు. ఆయన టేప్‌రికార్డర్లు బాగుచేసేవారు, పెళ్లిళ్ల కాలంలో ఆర్కెస్ట్రా నడిపేవారు. అందులో నాది గిటారు. ఎవరో రిపేరుకిచ్చి మళ్లీ తీసుకుపోని టేపులో పేరు లేని ఇంగ్లీషు క్యాసెట్ ఒకటి దొరికితే, ఆయన తన సొంత టేపులో పెట్టి విన్నారు. రెండు గిటార్లు, ఒక సన్నటి గొంతు, అంతే. మాటలు మాకు ఒక్కటీ అర్థం కాలేదు. పాట అయిపోయినా ఆయన చేతిలో స్క్రూడ్రైవరు అట్లాగే గాల్లో ఉండిపోయింది. వారం రోజులు గిటారు తీగలు వదులు చేసి, ఆ శ్రుతికి దించి, చెవితోనే పట్టుకున్నారు.

ఆ మొదటి ఎనిమిది స్వరాలు మాత్రం తానే వాయించేవారు, నాకివ్వలేదు. నేను ఊరుకునే మనిషిని కాను. ఫిర్యాదు కాగితం మీద రాసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కింద ‘అందింది’ అని రాసి, ఖాళీ డబ్బాలో దాచారు. తర్వాత చాలా రాశాను: టీ నాకే చివర వస్తోందని, కొట్లో ఆయన సొంత టేపు బెల్టు సాగిపోయింది, మార్చమని. అన్నింటి కిందా ‘అందింది’. ఒక్కటీ తీరలేదు.

చివరికి ఆత్మకూరు పెళ్లిలో, భోజనాల వేళ, మొదలు నన్నే అందుకోమన్నారు. అదరగొట్టాలని వేగంగా వాయించాను. బంతిలో ఒక్కరూ తలెత్తలేదు.

“ఏమప్పా, బస్సు గాని పోతాండాదా?” అన్నారాయన. ఆర్కెస్ట్రా అంతా నవ్వింది. ఆ నవ్వు నాకింకా గుర్తే.

ఆయనే మళ్లీ మొదటినుంచి, నిదానంగా ఎత్తుకున్నారు. వడ్డించేవాళ్లు నిలబడిపోయారు. పప్పన్నం కలుపుకుంటున్న ఒక ముసలాయన చెయ్యి విస్తట్లోనే ఆగింది. “ఇంగోసారి వాయించు సాబూ,” అన్నాడు. ఎక్కడివాళ్లో కట్టిన పాట, ఒక్క మాట తెలియని మనుషుల మధ్య అట్లా నిలబడడం చూసి, కోపంలోనూ నాకు ఒళ్లు జలదరించింది.

తిరుగు దారిలో ఆయన ఒక్కటే అన్నారు: “నువ్వు వాయించేది శానా బాగుండాది. వినేదే తక్కువ.” ఆ మొదలు నాకు మళ్లీ ఎప్పుడూ ఇవ్వలేదు. ఆయన పోయాక, వాళ్లావిడ ఆ డబ్బా నాకే ఇచ్చింది.

ఫోన్ కొట్లో అమ్మాయిని అడిగాను. అసలు పాట ఇదేనంది. ఇంట్లో తమ్ముడు కూడా పొద్దస్తమానం ఇదే వింటాడట. అంటే ఆత్మకూరులో నా వేగమే సరైనది. బెల్టు సాగితే పాట నెమ్మదిస్తుంది, శ్రుతి దిగుతుంది. ఇంటికొచ్చి డబ్బాలో బెల్టు కాగితం వెతికాను. కింద ఆయన చేతిరాతలో ‘అందింది’. తెలిసే మార్చలేదు.

గెలిచినవాడిలా గిటారు తీసి అసలు వేగంలో వాయించాను. బాగుంది. తీగలు వదులు చేసి, ఆయన శ్రుతికి దించి, మళ్లీ మొదలుపెట్టాను. వంటింట్లో గిన్నెలు తోముతున్న మా ఆవిడ కుళాయి కట్టేసి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడింది.

ఆ బెల్టు సంగతి నాకు ముందే చెప్పి ఉండాల్సిందని ఇంకో ఫిర్యాదు రాసి అదే డబ్బాలో పెట్టాను. ‘అందింది’ అని రాసే చెయ్యి లేదు. తీగలు మాత్రం మళ్లీ బిగించలేదు.