తమిళంలో పెట్టిన సంతకాలు

సుబ్రహ్మణ్యస్వామికి మొక్కులు తీర్చే ఆడి కృత్తిక రోజుల్లో తమిళనాట తిరుత్తణి కొండ కింద నిలబడితే పూల కావళ్ళ మీద వాడిపోతున్న బంతిపూల వాసన, కర్పూరం పొగ, జనం చెమట అన్నీ కలిసి ఇప్పటికీ ముక్కుకు తగులుతాయి. తగిలినప్పుడల్లా మా నాయన పూజసామాన్ల అంగడి, పసుపు అంటిన గోతాల మీద కూర్చుని కాళ్ళూపుతున్న చిన్నప్పటి నా రూపమూ కళ్ళముందుకొస్తాయి. నడకకంటే ముందు బేరం నేర్చినదాన్ని. కొనేవాళ్ళ చూపు ఏ వస్తువు మీద ఆగిందో కనిపెట్టి ధర చెప్పడం పదేళ్ళకే వచ్చు. నా తెలివికి నాయన మురిసేవాడు, ఆయనకంటే నేనే ఎక్కువ మురిసేదాన్ని. ఆ మురిపెమే కొంప ముంచింది.

డెబ్బైల చివర్లో మా వీధి తెలుగు కుర్రాళ్ళు యువజన సంఘం పెట్టుకున్నారు. మూతపడిన మగ్గాల షెడ్డు గోడకు సున్నం కొట్టి మూడు ఆశయాలు రాశారు: ఇంట్లో తెలుగే మాట్లాడాలి, ఏ కులంవాళ్ళైనా ఒకే పంక్తిలో తినాలి, ప్రతి ఒక్కరూ తమ పేరు తెలుగులో రాయగలగాలి. రాసింది మాత్రం తమిళ అక్షరాల్లో. ఆ కుర్రాళ్ళలో తెలుగు చదవగలిగినవాడు సంఘం పెద్ద మునిరత్నం అన్న ఒక్కడే మరి. ఆదివారాలు అక్కడ వానాకాలమైతే ఆవిర్లు కక్కే ఉలవ గుగ్గిళ్ళు, ఎండాకాలమైతే అల్లం దంచి కలిపిన మజ్జిగ, ఆ తర్వాత చీకటిపడేదాకా కుంటాట. నేను చేరింది ఆశయాల కోసమని చెప్పుకుంటే ఆ గుగ్గిళ్ళే నవ్వుతాయి.

ఆ యేడు మా బడిలో తెలుగు తరగతి ఎత్తేస్తారని కబురొచ్చింది. అందులో మేం ఏడుగురు పిల్లలమే మిగిలాం. అది పోతే మాకున్న ఒక్క తెలుగు అయివారూ పోతాడు. ఊరంతా కోరుతున్నట్టు చూపిస్తే నిలుస్తుందేమోనని మునిరత్నం అన్న అర్జీ రాసి ఒక షరతు పెట్టాడు: ముందు సంతకం పెట్టేవాళ్ళకు వాళ్ళ పేరు తెలుగులో రాయడం నేర్పాలి, ఆ తర్వాతే సంతకం. పలకా బలపం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. ఒక్కో పేరుకు ఒక్కో పూట. బడి చూడడానికి విద్యాశాఖ అధికారి రేపొస్తాడనగా కాగితం మీద ఉన్నవి తొమ్మిది పేర్లు.

"ఇంక అయ్యేది లేదు పాపా," అన్నాడు అన్న, గోడకు ఆనుకుని.

"కాయితం నాకీ అన్నా. పొద్దు గూకేలోపల నింపుకొస్తా."

"యాడ నుంచి తెస్తావు?"

"అంగడి బిడ్డను. చూస్తా ఉండు."

పూలమ్మే కుప్పమ్మవ్వ గడపలోనే ఉంది. మూడో తరగతి దాకా తమిళం చదివిన మనిషి.

"నా పేరు తెలుగులో ఎట్లుంటాదో చూపీ పాపా. సచ్చేలోపల ఒకసారన్నా రాస్తా."

"ఆ వంకరలన్నీ నీకెందుకవ్వా? తమిళంలో గీకెయ్. బిడ్డలకు అయివారు దక్కుతాడు."

"ఓసి బేరాలదానా!" అని నవ్వి, గీకేసింది.

అలాగే వీధంతా. మర్నాడు అధికారి బడి మెట్లెక్కుతుండగా పరుగెత్తి కాగితం అన్న చేతిలో పెట్టాను. చూసుకునే వ్యవధి లేక ఆయన అలాగే అందించాడు. అధికారి తిప్పితిప్పి చూసి, తమిళంలో మెత్తగానే అడిగాడు: ఈ తొమ్మిది తప్ప సంతకాలన్నీ తమిళంలోనే ఉన్నాయి కదా, వీళ్ళకు తెలుగు తరగతి దేనికి?

అధికారి కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లోపలికి పోయాడు.

షెడ్డుకు తిరిగొచ్చాక అన్న నన్ను తిట్టలేదు. తిట్టివుంటే బాగుండేది.

"ఎవురన్నా అడిగినారా పాపా, తెలుగులో ఎట్ల రాసేదని?"

"కుప్పమ్మవ్వ అడిగింది."

"మరి?"

"లేటవతాదని..."

అన్న మూలనున్న పలక తీసి నా చేతిలో పెట్టాడు.

వారం తిరక్కుండా ఏడుగురినీ తమిళ తరగతిలో కలిపేశారు. అయివారు గొడుగు చంకన పెట్టుకుని బస్సెక్కాడు. సంఘం కుర్రాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు దగ్గరి ఆవడి ఫ్యాక్టరీలకు పోయే పొద్దుటి రైలుకు అలవాటుపడ్డారు, మునిరత్నం అన్నతో సహా. కుప్పమ్మవ్వ పేరు నేర్పుదామని రెండుసార్లు పలక తీసుకుని వెళ్ళాను, రెండుసార్లూ గడప దాకా పోయి వెనక్కొచ్చాను. మూడోసారి వెళ్ళేసరికి ఆమె లేదు.

ఆ తరగతి గది నిండా ఇప్పుడు విరిగిన బెంచీలు. నా కొడుకు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు వారం పట్టింది. ఒకచోట ఒత్తు ఎక్కడ పెట్టాలో అనుమానమొచ్చి, కాగితం పట్టుకుని మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. అడగడానికి ఒక్క గడపా లేదు.