పథ్యం నాటికి దాచిన ద్రాక్షపళ్ళు

ద్రాక్షపళ్ళు కొని తేగానే కడిగేసి బుట్టలో పోసేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తినేటప్పుడు కడుక్కోండర్రా, కాదన్నానా? ముందే తడిపి కుప్ప పోస్తే తెల్లారేసరికి బూజు పట్టక ఏం చేస్తుంది? మా కోడళ్ళు ముసలమ్మ చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ళకి మా చెల్లి సంగతి తెలీదు.

మాది పూండి స్టేషనుకి తూర్పున, సముద్రం హోరు వినపడే ఉద్దానం పల్లె. నాన్న పోయాక ఇంట్లో మిగిలింది అమ్మ, నేను, చెల్లి. ఆ రోజుల్లో మా ఊళ్ళో పచ్చి ద్రాక్షపండు చూసినవాళ్ళే లేరు. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే మా మేనమామ ఒకసారి గుప్పెడు ఎండుద్రాక్ష తెచ్చిపెట్టాడు. చెల్లి అవి చప్పరిస్తూ, "పచ్చివెలాగుంతాయి మావా?" అని అతని ప్రాణం తీసింది. "ఈపాలి తెత్తానులేవే గుంటా" అన్నాడు.

అన్నట్టే తెచ్చాడు. కార్తీకమాసంలో, గుండ్రటి చెక్కపెట్టెలో దూది మధ్య పొదిగిన కాబూలు ద్రాక్షతో కలకత్తా బండి దిగి వచ్చాడు. అప్పటికే చెల్లి విషజ్వరంతో మంచం పట్టింది.

ఊరి వైద్యుడు లంఖణం కట్టమన్నాడు. లంఖణం పరమౌషధం అంటారు కదా! జ్వరం దిగి పథ్యం పెట్టేదాకా మందూ, కాచిన నీళ్ళూ తప్ప ఏదీ నోటికి తగలకూడదట. అది ఎప్పుడు దిగుతుందో ఎవరికి తెలుసు? అంతవరకూ ఆ పళ్ళు పాడవకుండా ఉండాలి. అమ్మకి అదే పట్టుదలైపోయింది.

మావ పళ్ళమ్మినవాడి మాటలన్నీ అప్పజెప్పాడు. మా వైపు అక్కని అప్ప అంటాం, ఆడపిల్లని గుంట అంటాం. "అప్పా, నీరు తగలనీకు. మీద తెల్లటి పొడుంది సూడు, అది బూజు కాదు, తుడిసీకు. పండుకి అదే కాపు" అన్నాడు.

ఆ తడికాలంలో మా ఇంట్లో బూజు పట్టని వస్తువు లేదు. చింతపండుకి పట్టింది, అప్పడాలకి పట్టింది. అమ్మ ఆ గుత్తుల్ని ఒకదానికొకటి తగలకుండా, కాడలకి దారం కట్టి, బియ్యం గదిలో దూలానికి వేలాడదీసింది. చెమ్మ లాగుతాయని కింద పళ్ళెంలో ఎండు బొగ్గులు పోసింది. దాని పక్కనుంటే ఇవీ మగ్గిపోతాయని అరటిగెలని బయటికి తీయించేసింది. వాన పడితే కిటికీ మూసేది, తెరిపివ్వగానే గాలికి తీసేది. పొద్దున్నే ఇద్దరం ఒక్కో పండూ పరీక్షగా చూసేవాళ్ళం. మెత్తబడ్డది కనిపిస్తే చేత్తో లాగకూడదు. లాగితే రసం కారి పక్కవాటికి అంటుతుంది. కాడతో సహా కత్తెరతో కత్తిరించి పారెయ్యాలి. సగం బాగున్న పండొకటి నోట్లో వేసుకోబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "దానికి నేకుండా మనం తింతామేటే?" అంది.

చెల్లికి ఆ గది తలుపు మంచం మీంచి కనపడేది. నాలిక ఎండిపోయి, పెదాలు పగిలిపోయి, "అప్పా, ఒక్కటెట్టవే. మింగనులే, బుగ్గనెట్టుకుంతాను" అని బతిమాలేది. నేను వెళ్ళి అమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాను.

"ఒక్కటియ్యవే అమ్మా, పసిదాని పేనం కొట్టుకుపోతంది."

"నాకు మాత్తరం ఇయ్యాలని నేదేటే? జొరంలో పండు తగిల్తే సన్నిపాతమేనని వైద్యుడు ఒట్టెట్టి మరీ సెప్పినాడు" అని ఏడ్చింది. ఏడుస్తూనే ఒక గుత్తి తెచ్చి దాని కళ్ళ ముందు పట్టుకుంది. "సూడమ్మా, అన్నీ నీవే. జొరం దిగనీ, కడుపు నిండా తిందువు." చెల్లి దాన్ని అటూ ఇటూ చూసి, అన్నిటికంటే పెద్ద పండు మీద వేలు పెట్టి, "ముందిది" అంది. ఆ వైద్యుడి నోరు పడిపోను, ఆయన పోయి ఎన్నేళ్ళయినా నా కోపం పోలేదు.

ఒక ఉదయం ఒళ్ళంతా చెమట పట్టి చెల్లి చల్లబడింది. అమ్మ నుదురు ముట్టుకుని, "జొరం దిగిందే! దిగిపోయిందే!" అని కేకలేసుకుంటూ బియ్యం గదిలోకి పరిగెత్తింది. ఆ పెద్ద పండు కోసుకొచ్చి, పెదాలు విడదీసి నోట్లో పెట్టింది. దవడ కదల్లేదు. పండు జారి దిండు మీద పడింది. అది జ్వరం దిగిన చల్లదనం కాదని నాకు తెలిసిపోయింది. అమ్మ మాత్రం దాన్ని తీసి మళ్ళీ పెట్టింది, మళ్ళీ పెట్టింది. మావ వచ్చి చెయ్యి పట్టుకునేదాకా పెడుతూనే ఉంది.

మూడోనాడు సరుగుడు చెట్ల దగ్గర, చెల్లిని పూడ్చిన ఇసుకలో పాలు పోయడానికి వెళ్ళాం. అమ్మ గుత్తులన్నీ తెచ్చి ఆకులో పెట్టింది. బూజు మచ్చ ఒక్కటి లేదు. బండి దిగిన నాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

మావ ఒక గుత్తి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కుళ్ళిపోయినా బాగున్నురా తమ్ముడా" అంది అమ్మ. "పాడైపోనాయి, అందుకే నా గుంటకి పెట్టనేకపోనానని దేవుణ్ణి తిట్టుకుందును. ఇప్పుడు ఎవల్ని తిట్టుకోనురా?"