చిన్నకోడలి రొట్టె

గిద్దలూరు ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. మిట్టమధ్యాహ్నం, ఎంతకీ రాని రైలు కోసం స్టేషన్ రేకుల కింద కూలబడి ఉన్నాను. పక్కన కూర్చున్న నెరిసిన తల ముసలామె మూట విప్పి, సజ్జరొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. తను మాత్రం ముట్టలేదు.

"మీరూ తినండి," అన్నాను.

"నువ్వు తిను నాయనా. అందరూ తిన్నాక తినేదే నాకు అలవాటు. మా ఇంట్లో నేను చిన్నకోడల్ని."

నవ్వు రావలసిందే గానీ, నవ్వే ఓపిక కూడా లేదు. "ఇప్పుడు మీకన్నా పెద్దవాళ్లు ఎవరున్నారు?" అని అడిగాను.

"మా నడిపి తోడికోడలు పోయి శానా ఏండ్లాయ. పెద్దామె మొన్న పోయింది. దినాలు అయిపోయినాయి, కూతురి కాడికి పోతాండా. రోజూ మా పెద్దామె అనాల, 'చిన్నమ్మీ, ఇంగ నువ్వు తిను' అని. అప్పుడే నేను కంచం ముందేసుకునేది. ఇంగ ఎవరంటారు?"

చిన్నచూపు, చిన్నతనం, చిన్నబోవడం. 'చిన్న' అన్న మాటకు నేనెరిగిన అర్థాలన్నీ తక్కువ చేసేవే. ఆమె నోట మాత్రం అది, ఆకలి కనిపెట్టే మనిషి ఒకరు ఇంట్లో ఉండడం.

రొట్టె ఆమె ఒళ్లోనే ఎండిపోతోంది. చూడలేక, "తినండి పెద్దమ్మా," అన్నాను.

ఆమె చప్పున వెనక్కి తిరిగి చూసింది.

అక్కడెవరూ లేరు.