"తగ్గించు" అనే మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. ఆదివారం పొద్దున చర్చికి కట్టుకుందామని ఇస్త్రీ చేసుకున్న తెల్లచీర మంచం మీద ఉండగానే, గుండె పట్టుకుని కూలబడిపోయింది. భన్‌పురిలోని మా ఇంటి నుంచి రాయ్‌పూర్‌లో ఆసుపత్రికి నేనే కారులో తీసుకెళ్ళాను. లోపలికి తీసుకెళ్ళిన కాసేపటికి ఒక కుర్ర డాక్టరు బయటికొచ్చి, "థోడా పహలే లే ఆతే" అన్నాడు. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉండాల్సింది అని. ఆయన మామూలుగానే అన్నాడు. నాకే అప్పటి నుంచి ముద్ద దిగడం లేదు.

బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసే అన్నయ్య, పెద్దమ్మకి ఒక్కగానొక్క కొడుకు, మధ్యాహ్నానికి వచ్చాడు. నన్ను పట్టుకుని ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, "ఆదివారం కదే, రోడ్డు ఖాళీగానే ఉండుంటుంది" అన్నాడు. జవాబు చెప్పాలంటే పెద్దమ్మ బండి నడిపే తీరు నుంచి మొదలుపెట్టాలి, ఆ పూట నాకు అంత ఓపిక ఎక్కడిది?

మాది కాకినాడ వైపు. పెద్దమ్మ నర్సుగా వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడింది. ఉద్యోగమంతా క్యాజువాలిటీలోనే, యాక్సిడెంటు కేసులతోనే చేసింది. "వచ్చిన ప్రతివాడూ ఒకటే పాట అమ్మలూ, నా తప్పేం లేదు సిస్టర్ అని. నిజమే, చాలామందికి లేదు. తప్పు లేదని తెగిన కాలు మళ్ళీ మొలిచిందా?" అనేది. ఈ మాట అందరూ అన్నం తింటుండగా కూడా అనేసేది. వేళాపాళా చూసుకునే మనిషి కాదు.

తను నడివయసులో కారు నేర్చుకుంది. పెద్దమ్మ కారెక్కామంటే ఇక రైలు మీద ఆశ వదులుకోవడమే అని చుట్టాలు గోలపెట్టేవాళ్ళు. ముందు బండి చుట్టూ తిరిగేది, కింద కుక్కపిల్ల పడుకుందేమో అని వంగి చూసేది. ముందున్న లారీకి ఎంత దూరంగా ఉండేదంటే, ఆ ఖాళీలో ఇంకెవడో వచ్చి దూరేవాడు. మళ్ళీ వెనక్కి తగ్గేది. "వాడికి పెళ్ళి ముహూర్తం ఉందేమోలే, జానే దో, పోనీ" అని నవ్వేది. వెనకాల హారన్లు మోగుతుంటే నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది.

క్రిస్మస్ ముందు ఒకసారి కేరల్స్ పాడటానికి సంఘపెద్ద ఒకాయన మమ్మల్ని జీపులో ఎక్కించుకున్నారు. ఇంజను స్టార్ట్ చేశాక ప్రార్థన మర్చిపోయామని గుర్తొచ్చి, స్టీరింగ్ మీద తలవంచి కళ్ళు మూసుకున్నారు. మేమూ మూసుకున్నాం. ఆయన ప్రార్థన ఎప్పుడూ పొడుగే. మధ్యలో ఆయన కాలు బ్రేకు మీద సడలి, జీపు తాపీగా వెళ్ళి చర్చి గోడని గుద్దింది. ఆమేన్ ఆ గోడే చెప్పింది. పెద్దమ్మ కిందకి దిగి, "బండిలో కూర్చుని కళ్ళు మూసుకోమని బైబిల్లో ఎక్కడుందో చూపించండి" అని ఆయన్ని అందరి ముందూ నిలదీసింది. ఆ తర్వాత మా ఇంట్లో ప్రయాణపు ప్రార్థన కళ్ళు తెరుచుకునే.

మా ఆయన సిల్తారా స్టీలు ఫ్యాక్టరీలో పనిచేసేవారు. డ్యూటీ దిగి స్కూటరు మీద వస్తుంటే లారీ గుద్దేసి పోయారు. తప్పంతా లారీవాడిదే అని వచ్చినవాళ్ళందరూ చెప్పారు, ఏదో నాకు ప్రైజు వచ్చినట్టు. ఆ మాట అననిది పెద్దమ్మ ఒక్కతే. నా పక్కన కూర్చుని అన్నం కలిపి నోట్లో పెట్టింది. నేను రోడ్డు దాటలేక ఇంట్లోనే ఉండిపోయిన రోజుల్లో, ఒక పొద్దున వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"నాకు భయం పెద్దమ్మా" అన్నాను.

"భయపడుతూనే నేర్చుకో. భయం లేనివాళ్ళని నేను చాలామందిని కుట్టాను. చల్, గాడీ తియ్యి."

పక్కన కూర్చుని నేర్పింది. "ఎదురొచ్చేవాడికి కళ్ళు లేవనుకో. బ్రేకులు లేవనుకో. ఇంట్లో పెళ్ళాంతో గొడవపడి వచ్చాడనుకో. అప్పుడు స్టీరింగ్ పట్టుకో." నేను కాస్త వేగం పెంచితే చాలు, చెయ్యి నా మణికట్టు మీద పడేది. "తగ్గించు." ఆ ఒక్క మాటతో నన్ను మళ్ళీ మనుషుల్లో పడేసింది. ఉద్యోగంలో చేరాను, కారులో ధర్సీవా ఊరిదాకా ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. బతికానంటే ఆమె చలవే.

మరి ఆమెని నేను బతికించుకోలేకపోయాను. ఇది నన్ను కోసేస్తోంది. యాక్సిలరేటర్ ఇంకొంచెం తొక్కి ఉంటే? రాత్రీ పగలూ ఇదే.

అన్నయ్యకి చెప్పలేనిది మీకు చెబుతున్నాను. ఆదివారం రోడ్డు ఖాళీగానే ఉంది. రెండువైపులా లారీలు మాత్రం ఆగి ఉన్నాయి. నేను తొక్కాను. బతుకంతా నేర్చుకున్నది గాలికొదిలేసి, హారన్ మీద చెయ్యి తియ్యకుండా తొక్కాను. పెద్దమ్మ మొహమంతా చెమట. ఒక చెయ్యి గుండె మీద ఉంది, రెండోది వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"తగ్గించు."

"ఊరుకో పెద్దమ్మా, నీకు నొప్పి..."

"నొప్పి నాకొచ్చింది. రోడ్డు మీదున్న వాళ్ళకి కాదు. తగ్గించవే."

ఏడుస్తూ, ఆమెని తిట్టుకుంటూ తగ్గించాను.

అంతలోనే ఆగి ఉన్న రెండు లారీల మధ్య నుంచి ఒక సైకిలు రోడ్డు మీదకి వచ్చేసింది. తొక్కుతున్న మనిషి, వెనక క్యారియర్ మీద ఒళ్ళో పసిబిడ్డతో భార్య, ముందు కడ్డీ మీద కొత్త గౌను వేసుకున్న చిన్నపిల్ల. బ్రేకు గట్టిగా తొక్కేశాను. కారు ఆగింది. ఆ మనిషి మావైపు చూడను కూడా లేదు, ఏదో చెబుతున్న భార్య మాటే వింటూ తొక్కుతున్నాడు. ఆ పిల్ల ఒక్కతే చూసింది.

పెద్దమ్మ నా మణికట్టు వదిలి చెయ్యెత్తింది, వార్డులో జనాన్ని కదలమన్నట్టు, వెళ్ళండి వెళ్ళండి అని. పిల్ల అది తనకి టాటా అనుకుంది. తనూ చెయ్యూపింది. సైకిలు రోడ్డు దాటి సందులోకి తిరిగేదాకా, మెడ వెనక్కి తిప్పి, నవ్వుతూ ఊపుతూనే ఉంది. పెద్దమ్మ కూడా చెయ్యి దించలేదు.