గాలి మార్పుకు వెళ్లిన సైకాలజిస్టు

నా పేరు వెనక ఉన్న డిగ్రీలలో బి.ఏ. చదివి తెచ్చుకున్నాను. బి.ఇడి. పాఠాలు చెప్పి తెచ్చుకున్నాను. ఎమ్.ఏ. మద్రాసు మెస్సు సాంబారును ఓర్చుకుని తెచ్చుకున్నాను. ఆఖరున ఉన్న డిప్లమా కోసం మాత్రం పరువు మొత్తం ధారపోశాను. ఎలా పోయిందో చెబుతాను, నవ్వేవాళ్లు నవ్వండి. అప్పట్లో మా చుట్టాలంతా నవ్వారు, మీరు కొత్తగా నవ్వితే నాకు తరిగేదేమీ లేదు.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. పెద్ద పట్టణాల బడుల్లో త్వరలో స్కూలు సైకాలజిస్టులను పెడతారట, అంటే పిల్లల మనసులు చదివి వాళ్ల చిక్కులు విప్పే నిపుణులట అని మద్రాసులో ఎవరో అన్నారు. ఆ మాట నా చెవిన పడింది మొదలు నేను నేలమీద నడవలేదు. ఎమ్.ఏ. సైకాలజీ ముగించుకుని ప్రొద్దుటూరు వచ్చిన రోజు మా నాయన స్నేహితుడు సుబ్బరామయ్య మామ నన్ను కిందికీ మీదికీ చూసి, "ఏందప్పా, సైకిలు నేర్చుకునేకి మద్రాసు దాకా పోవల్లనా? ఈడ బజార్లో బాడుగకిస్తారు గదా!" అన్నాడు.

"సైకిలు కాదు మామా, సైకాలజీ. మనసు గురించిన శాస్త్రం."

"మనసుకు శాస్త్రమేంది? పడినావా లేదా, అది చెప్పు."

సైకిలు మీద నుంచి పడలేదు గానీ, పడబోయే చోటు దగ్గర్లోనే ఉందని నాకప్పుడు తెలియదు.

ఎమ్.ఏ. తర్వాత డిప్లమా ఒకటి ఉంది. అది ఉంటేగానీ సైకాలజిస్టు కాలేరు. దానికి మా ప్రొఫెసరు గారు ఒక షరతు పెట్టారు. ఒక సమస్య ఉన్న పిల్లనో పిల్లవాణ్ణో స్వయంగా పరిశీలించి, కారణం కనిపెట్టి, నయం చేసి, ఆ వివరం ఆయన ముందు నిలబడి చెప్పాలి. "మీరు పరిశీలిస్తున్నట్టు ఇంట్లోవాళ్లకు తెలియకూడదు. తెలిస్తే సహజత్వం పోతుంది" అని ఆయన హెచ్చరించారు. ఆ ఒక్క వాక్యమే నా కొంప ముంచింది.

సమస్య ఉన్న పిల్లల కోసం మొదట జమ్మలమడుగులో నేను పాఠాలు చెప్పిన బడికే వెళ్లాను. హెడ్మాస్టరు గారు చాలాసేపు ఆలోచించి, "మా బళ్లో పిల్లోళ్లకు ఏ సమస్యా ల్యా. ఉండే సమస్యలన్నీ అయ్యవార్లకే. వాళ్లను చూస్తావా?" అన్నారు. ప్రొద్దుటూరులో ఒక తల్లిని "మీ వాడికేమైనా మానసిక సమస్య ఉందా?" అని మర్యాదగానే అడిగాను. ఆమె చేట తీసుకుంది. ఆ తర్వాతి సంభాషణ వీధి చివరిదాకా పరుగెత్తుతూ విన్నాను కాబట్టి పూర్తిగా గుర్తులేదు.

అలా దిగాలుపడి ఉన్న సమయంలో మా అమ్మ మాటల సందర్భంలో, "పులివెందుల్లో అక్క మనవరాలు చంద్రి బళ్లో నోరే తెరవదంట" అంది. నాకు ప్రాణం లేచివచ్చింది. మౌనం! బాల్యపు మౌనం! దానిమీద లావుపాటి పుస్తకాలే ఉన్నాయి. ఆ సాయంత్రమే బస్సెక్కాను.

పులివెందులలో మా పెద్దమ్మ గడపలోనే పట్టుకుంది. "ఏంరా అబ్బీ, చెప్పాపెట్టకుండా వచ్చినావు?"

నిజం చెప్పకూడదు కదా! "ఊరకే పెద్దమ్మా. గాలి మార్పుకు" అన్నాను.

పెద్దమ్మ పెద్దనాయన వైపు చూసింది. పెద్దనాయన ఆకాశం వైపు చూశాడు. మార్చి నెల. కాకులు కూడా నీడ వెతుక్కుంటున్నాయి. ఆ ఎండల్లో, పులివెందులకు, గాలి మార్పుకు! మతి ఉన్న మనిషి అనే మాట కాదని నాకు తోచలేదు. వాళ్లకు తోచింది.

పరిశీలన మొదలుపెట్టాను. చంద్రి రెండో తరగతి పిల్ల. పెదవులు బిగించుకుని, ఏది అడిగినా తల ఊపేది. ఆమె అచ్చనగాయలు ఆడుతుంటే నేను తలుపు చాటు నుంచి చూసేవాణ్ణి. ఆమె బడికి పోతే గోడ మీదుగా తల పెట్టి చూసేవాణ్ణి. ఏదైనా సిద్ధాంతం స్ఫురించినప్పుడు నాలో నేనే నవ్వుకునేవాణ్ణి. బడిపంతులు వచ్చి, "మీ అబ్బోడు గోడమీద నుంచి తొంగిచూసి నగుతాండాడు, పిల్లోళ్లు జడుసుకుంటాండారు" అని పెద్దనాయనకు చెప్పిపోయాడట. అది నాకు ఆ తర్వాత తెలిసింది.

ఒకరోజు సిరా పరీక్ష పెట్టాను. కాగితం మీద సిరా ఒలికించి, మడిచి, విప్పి, ఆ మరకలో ఏం కనబడుతోందని పిల్లను అడగాలి. చంద్రి పలకలేదు. పెద్దమ్మ వచ్చింది.

"ఏందిరా ఇది? బంగారట్లాంటి కాగితం చెడగొట్టినావు!"

"బాగా చూడు పెద్దమ్మా. నీకేమైనా జంతువు కనిపిస్తాందా?"

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. "నీకు అగపడతాందా నాయనా?"

"ఆఁ! పెద్ద గబ్బిలం. రెక్కలు కూడా కనిపిస్తాండాయి."

"ఎన్నాళ్ల నుంచి అగపడతాంది?" అంది ఆమె, నా నుదుటిమీద చెయ్యివేసి.

ఎంత శ్రద్ధగా అడిగిందీ అని మురిసిపోయాను. ఆ మధ్యాహ్నం నా కంచంలో నెయ్యి ఎక్కువైంది. మర్యాద అనుకున్నాను. ఇంట్లో కత్తిపీట కనిపించకుండా పోయింది. దాన్ని అసలు పట్టించుకోలేదు. శాస్త్రజ్ఞుడి చూపు అంత పదునైనది!

మర్నాడు పెద్దనాయన నా పక్కన కూర్చుని, నేలచూపులు చూస్తూ అన్నాడు. "చాపాడు దగ్గర పల్లెలో మస్తాన్ తాతని ఆకుపసరు వైద్యుడుండాడు. తలకు సంబంధించినవి శానా బాగా చూస్తాడు. పోయొద్దామా అబ్బీ? చంద్రిని కూడా పిల్చుకపోదాం."

నేను ఎగిరి గంతేశాను. పిల్లకు నాటువైద్యం! దాన్ని కళ్లారా చూసే అవకాశం! "ఇప్పుడే పోదాం పెద్దనాయనా!" అన్నాను. ఆయన కళ్లు చెమర్చాయి. తన జబ్బు తాను ఒప్పుకున్నాడు పాపం అనుకున్నాడట.

మస్తాన్ తాత తెల్లగడ్డంతో, నిదానంగా, మనిషిని చూస్తేనే నమ్మకం కలిగేలా ఉన్నాడు. "ఎవరికప్పా?" అన్నాడు. పెద్దనాయన నోరు విప్పేలోగా నేనే ముందుకు జరిగాను.

"నేను చెప్తా తాతా. మొదట అంతా బాగానే ఉండె. ఈ మధ్యనే మారింది. ఎవరితోనూ కలవడం లేదు. లోపల ఏదో భయం పట్టుకుంది."

తాత పెద్దనాయన వైపు తిరిగి, "తన రోగం తానే చెప్పుకుంటాండాడు. తొందరగా కుదురుతాదిలే" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "పెండ్లయిందా?" అని అడిగాడు నన్ను.

"పెండ్లేంది తాతా! ఇంకా పాలు తాగే వయసు!"

తాత నా మీసాల వైపు చాలా జాలిగా చూశాడు.

ఇంతలో మంగలి వచ్చి కత్తి నూరుకోవడం మొదలుపెట్టాడు. పక్కనే బుట్టెడు నిమ్మకాయలు. చంద్రి జడలు! అడ్డంగా నిలబడి, "వద్దు! గుండు కొట్టిస్తే ఆ లేత మనసు శాశ్వతంగా గాయపడుతుంది!" అని ఉపన్యాసం అందుకున్నాను.

"పాపకు కాదప్పా, నీకే" అన్నాడు తాత నెమ్మదిగా.

వెనక నుంచి ఇద్దరు నన్ను పట్టుకున్నారు.

"విడవండి! నేను ఎమ్మే! సైకాలజీ!"

"శానామంది అట్లే అంటారు నాయనా. ముందు వచ్చినాయన కలెక్టరునన్నాడు" అని ఓదార్చాడు తాత.

మాతో వచ్చిన పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నేను అరిచేకొద్దీ మంగలి హుషారుగా గీశాడు. కత్తి గాట్ల మీద నిమ్మరసం పోసి రుద్దుతుంటే మంట ఎలా ఉంటుందో ఏ పుస్తకంలోనూ రాయలేదు. మనోవిజ్ఞాన శాస్త్రంలో అదొక పెద్ద లోటు.

రుద్దడం ముగిసి, నా తల ఎండలో తళతళలాడుతూ పైకి లేచిందో లేదో, ఒక నవ్వు వినిపించింది. చంద్రి! పొట్ట పట్టుకుని, నోరంతా తెరిచి, విరగబడి నవ్వుతోంది. ముందరి పండ్లు నాలుగూ లేవు.

"చిన్నాయనా, నీకు తలకాయ బోడి, నాకు నోరు బోడి!" అంది ఈలలు కలిసిన గొంతుతో. అంతే, ఇక ఆగలేదు. బస్సులో పులివెందుల చేరేదాకా వాగుతూనే ఉంది.

నేను అప్పుడు అసలు సంగతంతా చెప్పేశాను. పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "దానికి పండ్లూడినాయిరా! బళ్లో పిల్లోళ్లు తొర్రిపాపా అని నగుతాండారని నోరు తెరవలేదు. నన్నొక్క మాట అడిగింటే చెప్పేదాన్ని గదా! ఒక గుండు కోసం ఇంతమందిని కష్టపెట్టేవాడివి కాదుగదా!"

టోపీ పెట్టుకుని మద్రాసు వెళ్లి ప్రొఫెసరు గారి ముందు నిలబడ్డాను.

"పిల్లకు నయమైందా?"

"అయింది సార్. మాటలు ఆపడం లేదని ఇప్పుడు పంతులు మొరపెట్టుకుంటున్నాడు."

"భేష్! ఏ పద్ధతి వాడారు?"

పెద్ద పెద్ద పేర్లన్నీ నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయాయి. టోపీ తీశాను. ఆపైన జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వి, మళ్లీ తుడుచుకున్నారు. డిప్లమా ఇస్తానన్నారు. లేచి వస్తుంటే వెనక్కి పిలిచారు.

"ఒక్క సందేహం. మీ పెద్దమ్మగారు మీ మీద చేసిన రోగ నిర్ధారణ తప్పని మీ దగ్గర ఏమైనా రుజువుందా?"

ఇప్పటికీ వెతుకుతున్నాను.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇంట్లో ఉన్న అవ్వను అడగకుండా ఇకమీదట ఏ పిల్ల మనసులోకీ తొంగిచూడను. తప్పనిసరిగా చూడవలసి వస్తే, ఆ ఇంట్లో నన్ను పట్టుకోగల బలవంతులు ఎందరున్నారో ముందు అది పరిశీలిస్తాను.