అకౌంట్స్ బ్యాచ్‌లో ఒక్క ఆడపిల్ల

మా చిన్నప్పుడు... ధర్మపురి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఆయుధపూజంటే మెషిన్లన్నిటికీ గంధం, కుంకుమ... మధ్యలో బుట్టెడు బొరుగులు, శనగలు. డెబ్బైల మొదట్లో మాట. నాకప్పుడు పదిహేడు.

టైపు వస్తే మంచి సంబంధం వస్తుందని నాయన నన్ను రోజూ మా ఊరు కారిమంగళంలో బస్సెక్కించేవాడు. టైపు గది పక్కనే అకౌంటెన్సీ క్లాసు... అందరూ మగపిల్లలే. అది పాసైతే బ్యాంకులో కౌంటర్ సీటు దొరుకుతుందని వాళ్ళు అనుకుంటుంటే విన్నాను. ఇంట్లో చెప్పకుండా అందులోకి మారిపోయాను.

కాన్వెంటు ఇంగ్లీషు పుణ్యమా అని పాఠం కష్టం కాలేదు. నాయనకి తెలిసిపోతుందన్న భయమే... క్లాసులోకి వెళ్ళేముందు రోజూ వెనక్కి చూసుకునేదాన్ని.

ఆ ఏడు పూజకి సారు మండీ వ్యాపారులను కూడా పిలిచారు. నాయనది చింతపండు మండీ. ముందు వరుసలో కూర్చున్నాడు. ప్రసాదం బ్యాచ్ ప్రకారం పేరు పిలిచి ఇస్తారని నాకేం తెలుసు...

టైపు ఆడపిల్లల పేర్లన్నీ అయిపోయాయి. నాయన వెనక్కి తిరిగి నన్ను వెతికాడు. తర్వాత "అకౌంటెన్సీ!" అన్నారు సారు. మొదటి పేరే నాది.

"ఉంగ పొణ్ణుదాన్ ఫస్టు!" మీ అమ్మాయే ఫస్టని నాయనతో అరవంలో సంతోషంగా చెప్పారు. దోసిలి పట్టాను. బొరుగులు సగం కింద పోయాయి.

ఇంటికొచ్చాక నాయన పూజలో జరిగిందంతా చెప్పి అమ్మతో మొదలుపెట్టాడు.

"మొగోళ్ళ నడుమ కౌంటర్లో కుచ్చుంటాదంట నీ కూతురు!"

"ఫస్టని సారే చెప్పినాడంటివి గదా. పోనీ."

"మన మండీ లెక్కే నీకు చూపించల్యా. దీనికి ఊరి లెక్కెందుకే?"

"చూపించింటే పోయినేడు ఆ కమీషన్ల తరగు యాపారి దొంగలెక్కతో నిన్ను ముంచిండడు!"

నాయనకి కోపంలోనూ నవ్వు వచ్చింది. నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు పాపా. నీకేం కావాల?"

నిజంగానే అడిగాడు. అమ్మ నా మొహంలోకే చూస్తోంది. 'కౌంటర్' అన్న మాట నాలుక దాకా వచ్చింది...

"నీ ఇష్టం నాయనా," అన్నాను.

మర్నాటి నుంచి మళ్ళీ టైపు గది. గోడకి అవతల సారు గొంతు వినిపిస్తూనే ఉండేది.

తర్వాత బ్యాంకులో టైపిస్టుగా చేరాను. టైపు సీటే కదా అని నాయన కాదనలేదు. రిటైరయ్యేదాకా ఆ సీటే. నాతోపాటు చేరిన మగవాళ్ళు కౌంటరు నుంచి ఆఫీసర్లయ్యారు, మేనేజర్లయ్యారు... నేను వాళ్ళ ఉత్తరాలు తప్పు లేకుండా కొట్టిపెట్టాను.

ఇప్పుడు నా పెన్షన్ వచ్చే బ్రాంచికి మేనేజరు ఒక అమ్మాయి. ముప్పై కూడా ఉండవు. లోన్ల గురించి మగవాళ్ళతో గట్టిగా వాదిస్తుంటే... పని అయిపోయినా నేను కాసేపు అక్కడే కూర్చుంటాను.

మీ ఇంట్లోనూ ఒకరోజు 'నీకేం కావాలి?' అని అడిగే ఉంటారు... మీరేమన్నారు?